పూరీ పైలట్

8 జూన్ 2025, ఆదివారం

ఉమ వాళ్ళ పిన్నమ్మ కూతురి బిడ్డను తొట్లలో వేస్తుంటే తాడిపత్రి వెళ్ళొచ్చాం. భోజనాల దగ్గర మామ నా గురించి ఒక మాట అన్నాడు. దాన్ని ఇక్కడ రాయను. పంక్తి పంక్తంతా నవ్వింది. వడ్డించే మనిషి కూడా ఓళిగల పళ్ళెం పట్టుకుని నిలబడి నవ్వాడు.

ఉమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో లేదో కనపడలేదు.

9 జూన్

నవ్వే ఉంటుంది.

14 జూన్

మే నెలలో సరిహద్దు గొడవ జరిగినప్పటి నుంచి మా గ్రూపులో అందరూ నిపుణులే. రఫేల్‌కు ఎన్ని ఇంజన్లో తెలియనివాడు కూడా నాకు పాఠం చెబుతున్నాడు. అనంతపురం కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో సరదాకి పెట్టిన గ్రూపు ఈ ‘సీమ రెక్కలు’. కాలేజీవాళ్ళు నన్ను తీసేశాక, యాడికిలో అత్తగారింటికి వచ్చి పడ్డాక, నాకంటూ మిగిలింది అదొక్కటే. దానికి నేనే అడ్మిన్‌ని.

ఈరోజు గొడవ మిగ్-21 మీద. గుంతకల్లు ఎలిజబెత్ మొదలుపెట్టింది. రైల్వేలో ఉద్యోగం చేస్తూ, రెండేళ్ళకోసారి సెలవు పెట్టి మరీ యలహంక విమానాల ప్రదర్శనకు పోయి ఫొటోలు తీసుకొచ్చే పిల్ల. ‘దాన్ని పదిహేనేళ్ళ కిందటే పంపించేసి ఉండాల్సింది, ఊరికే ఎగిరే శవపేటిక అన్లేదు జనం’ అని రాసింది. ఒక విమానాన్ని దాని చావులతో కొలుస్తారా, చేసిన యుద్ధాలతో కొలుస్తారా అని నేను రాశాను. అరవై మూడులో వచ్చిన విమానం ఈనాటికీ ఎగురుతోంది, నీ తేజస్ ఇన్నేళ్ళుగా ఎన్ని వచ్చాయో లెక్క చెప్పమన్నాను. బాగా వేడెక్కింది.

వెనక నుంచి మామ గొంతు. “వాట్సాప్ పైలట్లంతా దిగినారా?”

పడసాలలో యూనిఫాం ఫొటో కింద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. “ఇరవై రెండేండ్లు ఆ విమానాన్ని ఈ చేతుల్తో సాకినోన్ని ఈడ ఉండా. నన్నడక్కుండా మీరు కొట్టుకుంటాండారు. నట్టు బిగించడం తెల్సా నీకు?”

ఊరంతా ఆయన్ని ఎయిర్‌ఫోర్సు ఆంజనేయులు అంటారు. నన్ను ఎయిర్‌ఫోర్సు ఆంజనేయులు అల్లుడు అంటారు.

20 జూన్

బస్టాండు దగ్గర చౌడప్ప టీ కొట్టుకు వెళ్ళాను. చౌడప్ప గ్లాసు అందిస్తూ అన్నాడు: “ఏం సార్, ప్రపంచంలో ఉండే విమానాలన్నీ నీకు తెల్సంట. ఒకటీ పైకి లేయదంట కదా?”

బెంచీ మీద ఉన్నవాళ్ళు నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నారు.

మామ పంక్తిలో అన్న మాట అదే. తాడిపత్రిలో అన్నది యాడికి దాకా వచ్చింది. రాయనన్న మాట రాసేశాను.

పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఇద్దరిలోనూ లోపం లేదని అనంతపురం డాక్టరమ్మ చెప్పింది. ఆ సంగతి మామకు తెలుసు. తెలిసే అన్నాడు.

5 జూలై

వాన లేదు. విత్తనం చెనిక్కాయలు మూటల్లోనే ఉన్నాయి. మామ పొద్దున చేలోకి వెళ్ళి, కాలితో మట్టి తన్ని చూసి వచ్చాడు. ఆ చిరాకంతా అన్నాల దగ్గర కార్గిల్ కథ మీదికి మళ్ళింది. వెయ్యిసార్లు విన్న కథే. శ్రీనగర్ చలి, పైలట్ వచ్చి భుజం తట్టి “ఆంజనేయులూ, నువ్వు చూసినాక నేను చూసేది ఏముంది” అనడం, ఎక్కి వెళ్ళిపోవడం.

ఈసారి ఒక కొత్త ముక్క చేర్చాడు. “రెక్కల కింద తుపాకీలో గుండ్లు నేనే నింపినా.”

మిగ్-21లో తుపాకీ రెక్కల కింద ఉండదు. పొట్ట కింద ఉంటుంది. రెండు గొట్టాలది. ఆ విమానాన్ని ఒక్కసారి తడిమినవాడు కూడా ఈ తప్పు చెప్పడు.

జొన్నరొట్టె తుంచుకున్నాను. “పప్పు ఇంకొంచెం వెయ్యి అత్తా” అన్నాను.

6 జూలై

ఎలిజబెత్‌ను, మామ పేరు చెప్పకుండా, ఈ తప్పు గురించి అడిగాను. “పెద్దాయన కదన్నా, మర్చిపోయింటాడు” అంది.

మర్చిపోలేదు. తెలియదు.

23 జూలై

వార్త వచ్చింది. సెప్టెంబరు ఇరవై ఆరున చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు. గ్రూపులో అందరూ ఏడుపు బొమ్మలు పెడుతున్నారు. శవపేటిక అన్న ఎలిజబెత్ కూడా. ఆ రోజు మనం కూడా తాడిపత్రిలో ఒక సభ పెడదాం అంది. మీ మామగారిని పిలిచి శాలువా కప్పుదాం, మన మధ్య ఆ విమానం మీద పనిచేసినవాడు ఆయనొక్కడే కదా అంది.

ఆలోచిస్తానని చెప్పాను.

2 ఆగస్టు

గుంతకల్లు వెళ్ళాను. గ్రూపులో కొత్తగా చేరిన ఓబిలేష్ గారిని కలవడానికి. ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ల మీద పనిచేసి వారంట్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. మంచి మనిషి. ఇంట్లో మిగ్ టైరు ముక్క కోసి చెప్పులు కుట్టించుకున్నానని తెచ్చి చూపించాడు. మాటల్లో మాటగా అడిగాను, యాడికి నుంచి ఆంజనేయులు అని ఎవరైనా తెలుసా అని.

ఆయన ముఖం వెలిగిపోయింది. “ఆంజీనా? మా మెస్సులో వంట! యాడుండాడప్పా ఆ మనిషి? ఆ చేతి పూరీ మళ్ళ యాడా తినలేదు నేను. మంచు పడేటప్పుడు మూతపెట్టిన డబ్బాలో హ్యాంగరు కాడికి మోసుకొస్తాండె. విమానం కాడికి వంటోళ్ళు రాకూడదని మా సార్ అరిస్తే, గీత బయట నిలబడి పిలుస్తాండె.”

గీత బయట.

మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. ఆయన బతికున్నాడని మాత్రం చెప్పాను. అల్లుణ్ణని చెప్పలేదు.

రైల్లో తిరిగి వస్తుంటే చాలా రోజుల తర్వాత ఆకలేసింది. గుత్తిలో దిగి ఉగ్గాని, బజ్జి తిన్నాను.

3 ఆగస్టు

ఎవరికీ చెప్పలేదు. ఉమకు చెబుదామనుకున్నాను. ఆమె బడి నుంచి వచ్చి వాళ్ళ నాయన పక్కన కూర్చుని కాళ్ళు పిసుకుతోంది. ఆయన ఏదో అన్నాడు. నవ్వింది.

15 ఆగస్టు

హైస్కూల్లో జెండా పండగ. ఎప్పటిలాగే మామ ముఖ్య అతిథి. మెడల్స్ పెట్టుకుని కార్గిల్ కథ చెప్పాడు. ఫోనులో మొత్తం రికార్డు చేశాను.

ఇది పగ కాదు. ఆ మాట వల్ల కాదు. చరిత్రలో తప్పు దొర్లితే దిద్దాలి కదా. నేను లెక్చరర్ని.

30 ఆగస్టు

సభ సంగతి మామకు చెప్పాను. ముఖ్య అతిథి ఆయనేనని, వేదిక మీద పెద్ద తెర కట్టి విమానం బొమ్మ వేస్తామని, అందరూ ప్రశ్నలు అడుగుతారని.

“నాకెందుకప్పా అంత పెద్దవి” అన్నాడు. మామ నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

“మీరు రాకపోతే సభే లేదు మామా” అన్నాను.

సాయంత్రానికి ఊరంతా చెప్పి వచ్చాడు.

11 సెప్టెంబరు

మామ మారిపోయాడు. నన్ను వెంటబెట్టుకుని తాడిపత్రి వెళ్ళి తెల్ల చొక్కాలు కుట్టడానికిచ్చాడు. ఆయనకొకటి, నాకొకటి. దర్జీతో “మా అల్లుడు. పెద్ద చదువు. ఈ సభంతా ఆయప్పదే” అన్నాడు. తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. కంది చేల వైపు చూస్తూ అన్నాడు: “ఆ పొద్దు తొట్ల కాడ నోరు జారినా. నాకు మాట అదుపుండదు. మనసులో పెట్టుకోవద్దు.”

“ఏ మాట మామా?” అన్నాను.

ఆయన నావైపు చూసి, మళ్ళీ కిటికీలోంచి చూశాడు.

12 సెప్టెంబరు

ఇప్పుడు ఆపితే ఎలా? హాలు మాట్లాడేశాం. ఓబిలేష్ గారికి చెప్పేశాను, మీ పాత స్నేహితుడొకడు వస్తాడు, వేదిక మీద కలుపుతానని. ఆయన సంబరపడ్డాడు. ఎవరో ఏమిటో అడగలేదు.

20 సెప్టెంబరు

ఉమ బడికి వెళ్ళాక అత్త నా దగ్గరికి వచ్చి నిలబడింది. సుబ్బలక్ష్మమ్మ ఎప్పుడూ నాతో నాలుగు మాటలకు మించి మాట్లాడదు.

“నాయనా, ఆ పొద్దు ఆయన్తో నాలుగు మాటలు చెప్పిచ్చి కూర్చోబెట్టు. ప్రశ్నలు వద్దు.”

“ఎందుకత్తా?”

“వయసైపోయినాది. తడబడతాడు.”

“ఇరవై రెండేళ్ళు చేసిన పని ఎందుకు తడబడతాడత్తా?”

ఆమె నా కళ్ళలోకి చూసింది. నాకు తెలుసని ఆమెకు తెలిసిపోయింది. ఆమెకూ తెలుసని నాకు తెలిసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది, తడి లేకపోయినా.

“పెండ్లి మాటలప్పుడు మధ్యవర్తి చెప్పిన అబద్ధం అది. ఇంజన్ల పనోడని చెప్పకుంటే మా నాయన పిల్లనిచ్చేటోడు కాదు. నాకు పెండ్లైన నెలకే తెల్సింది. ఈయన ఏడ్సినాడు. నేనే చెప్పినా, అట్లే ఉండనీలే అని. ఎవర్ని ముంచినాడు నాయనా దాంతో? ఉమకు తెల్వదు. నీ కాళ్ళు పట్టుకుంటా.”

నిజంగానే వంగింది. నేను వెనక్కి జరిగాను. “అయ్యో, ఏంటత్తా ఇది, ప్రశ్నలేమీ ఉండవులే” అన్నాను.

25 సెప్టెంబరు

రేపు.

26 సెప్టెంబరు, శుక్రవారం

అన్నీ వరసగా రాస్తాను. రేపు ఎవరైనా నన్ను తప్పుపడితే నాకు గుర్తుండాలి.

కల్యాణమండపం పై హాలు నిండింది. పొద్దున్నే చండీగఢ్ వీడ్కోలు తెర మీద చూపించాం. ఆఖరి మిగ్‌లు ఎగురుతుంటే ఎలిజబెత్ కళ్ళు తుడుచుకుంది. ముందు వరసలో ఉమ, అత్త. ఎలిజబెత్ ఫోను స్టాండు పెట్టి లైవ్ పెట్టింది. ఓబిలేష్ గారు బస్సు ఆలస్యమై, మామ కథ ముగిసే వేళకు వచ్చి వెనక కూర్చున్నారు. వేదిక మీదున్న ముసలాయన్ని అంత దూరం నుంచి పోల్చుకోలేదు.

మామకు శాలువా కప్పారు. కథ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆపమన్నట్టు అత్త నావైపు చూసింది.

నేను మైకు తీసుకున్నాను. తెర మీద మిగ్-21 పక్కనుంచి తీసిన బొమ్మ వేశాను. మామ చేతికి ఎర్ర లైటు వేసే పాయింటరు ఇచ్చాను.

“మామా, మీరు గుండ్లు నింపిన తుపాకీ ఎక్కడుంటుందో అందరికీ చూపిస్తారా?”

ఎర్ర చుక్క ముక్కు మీద పడింది. కొంచెం వెనక్కి జరిగింది. రెక్క కింద ఆగింది. “ఈడ” అన్నాడు మామ.

“అన్నా, అది ఆయిలు ట్యాంకు కదా!” అని ఎవరో అరిచారు. సన్నగా నవ్వులు.

“లైటు సరిగ్గా పడట్లేదేమో మామా. సరే, అది వదిలేయండి. దిగేటప్పుడు వేగం తగ్గడానికి పారాచూట్ విప్పుకుంటుంది కదా. అదెక్కడ మడిచి పెడతారు?”

ఈసారి చుక్క తడబడలేదు. నేరుగా తోక మొదలుకు వెళ్ళింది. అది సరైన జవాబే. మామ ముఖంలోకి నెత్తురు వచ్చింది. గొంతు పెరిగింది. “ఈడ! ఇది నేను దినామూ చూసినా. చక్రాలు నేలకు తగుల్తానే ఈడ్నించి తెల్లగా ఇచ్చుకుంటుంది. ఎంత చక్కగా ఉంటాదనుకున్నావు! వంటింటి కిటికీలో నుంచి చూస్తే...”

ఆగిపోయాడు.

“ఏ వంటిల్లు మామా?” అన్నాను.

ఉమ లేచి నిలబడింది. “చైతన్యా” అంది. గట్టిగా కాదు.

నేను మైకులో ఓబిలేష్ గారిని పైకి పిలిచాను. ఆయన మెట్లెక్కి, మామను దగ్గర నుంచి చూసి, రెండు చేతులూ చాచాడు.

“ఒరే ఆంజీ! నువ్వా! ఎన్నేండ్లయ్యెరా!” గట్టిగా వాటేసుకున్నాడు. మైకు ముందుకు తిరిగాడు. “అయ్యా, మీకు ఈ మనిషి ఎవరో తెల్సునా? మేమంతా మంచులో పంజేస్తాంటే పూరీలు మోసుకొచ్చి మా కడుపులు నింపినోడు! మా మెస్సు వంట మాస్టరు!”

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత వెనక నుంచి ఎవరో “పూరీ పైలట్!” అన్నారు. ఆ పేరు నేను పెట్టలేదు. హాలు పగిలింది.

నవ్వులు విని ఓబిలేష్ గారు కూడా నవ్వబోయి, మామ ముఖం చూసి ఆపేశాడు. మెల్లగా నావైపు తిరిగాడు. “ఇందుకా నన్ను పిల్సింది? ముందే చెప్పింటే వస్తాంటినా నేను?”

మామ మైకు దగ్గరికి వచ్చాడు. “అవునప్పా. వంటోణ్ణే” అన్నాడు. ఇంకేదో చెప్పాలని చూశాడు. వినపడలేదు.

అత్త వచ్చి చెయ్యి పట్టుకుని దించింది. పాయింటరు ఆర్పడం ఆయనకు తెలియలేదు. నడుస్తుంటే ఆ ఎర్ర చుక్క గోడల మీద, జనం చొక్కాల మీద పాకుతూ పోయింది.

27 సెప్టెంబరు

నేను అబద్ధం ఒక్కటి కూడా చెప్పలేదు.

వీడియో అంతా తిరుగుతోంది. ఎవరో ‘ఏ వంటిల్లు మామా’ అన్న ముక్కను కోసి పాట కలిపారు. గ్రూపులోకి కొత్తవాళ్ళు చేరడానికి అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరినే చేర్చుకున్నాను.

29 సెప్టెంబరు

ఎలిజబెత్ ఫోన్ చేసింది. “ఆయనది అబద్ధమే, ఒప్పుకుంటానన్నా. రూంలో కూర్చోబెట్టి అడిగింటే అయిపోయేది. నా ఫోన్తోనే లైవ్ పెట్టినాను, నాకు అన్నం పోతాండలేదు. నువ్వుండే చోట నేనుండను.”

గ్రూపు వదిలేసింది. ఓబిలేష్ గారు నిన్ననే వదిలేశారు. పోనీ. శవపేటిక అని మొదలుపెట్టింది ఎవరు?

2 అక్టోబరు, దసరా

ఇంట్లో పండగ చేయలేదు. ఉమ ఆ రోజు నుంచి వాళ్ళమ్మ గదిలో పడుకుంటోంది. ఈరోజు నేనే అడిగాను, నిజం చెప్పడం తప్పా అని.

బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా మాట్లాడింది. “తొట్ల కాడ మాట కోసం చేసినావు.”

“కాదు.”

“నేను నవ్వినాననుకున్నావు కదా?”

ఏరిన రాయిని పక్కన పడేసింది.

“ఆ పొద్దు నేను ఏడ్సినా. కొంగు అడ్డం పెట్టుకునింది అందుకే. ఇంటికొచ్చి మా నాయనను అడిగినా, ఆ మాట ఎట్లంటివి అని. పది దినాలు ఆయన్తో మాట్లాడలేదు. నీ కోసం. నువ్వు ఈ ఇంట్లోనే ఉండావు కదా, చూడలేదా?”

చూడలేదు. లేక చూశానేమో. జూన్‌లో ఏం రాశానో తిరగేసి చూడబుద్ధి కాలేదు.

9 అక్టోబరు

మామ పడుతూ లేస్తూ చౌడప్ప కొట్టుకు వెళ్ళడం మానలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు. ఈరోజు నేను కూడా వెళ్ళాను. రోడ్డుకు అటువైపు నిలబడ్డాను.

“ఆంజనేయులన్నా, రెండు పూరీలు టేకాఫ్ చెయ్యి!” అని బెంచీ మీది నుంచి ఎవరో అన్నారు. చౌడప్ప అట్లకాడ తెచ్చి మామ చేతిలో పెట్టాడు. “సాకినోనివి కదా, సాకు.”

మామ అట్లకాడను బల్ల మీద మెల్లగా పెట్టాడు. టీ తాగకుండానే లేచాడు. రోడ్డు దాటుతూ నన్ను చూశాడు. ఆగలేదు. నా పక్క నుంచే వెళ్ళాడు, నేను కరెంటు స్తంభమైనట్టు.

అలా చూడకపోవడం కూడా ఒక పొగరే.

15 అక్టోబరు

మామ పొద్దున దొడ్లో పడిపోయాడు. నేనే ఎత్తి ఆటోలో వేశాను. కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నాం. కుడి పక్క పడిపోయింది. మాట పోయింది.

18 అక్టోబరు

రక్తపోటు ఎప్పటి నుంచో ఉందట, మందులు సరిగ్గా వేసుకోలేదట. డాక్టరు స్పష్టంగా చెప్పాడు. ఇది ఎప్పుడైనా రావలసిందేనన్నాడు. ఉమకు రెండుసార్లు చెప్పాను.

ఆమె నర్సు వైపు తిరిగి ఇంకేదో అడిగింది.

25 అక్టోబరు

ఇంటికి తెచ్చాం. మామ భారీ మనిషి. అత్త వల్ల కాదు, ఉమ వల్ల కాదు. మలమూత్రాలకు, స్నానానికి, పక్క తిప్పడానికి నేనే దిక్కు. ఎవరినైనా పెట్టుకుందామంటే ఊళ్ళో ఈ పనికి వచ్చేవాళ్ళు లేరు.

ఉమ గుమ్మంలో నిలబడి చెప్పింది. “ఎత్తేకి నువ్వు కావల్ల. మాట్లాడేకి వద్దు. అర్థమైనాదా?”

అర్థమైందన్నాను.

29 అక్టోబరు

ఎత్తాను. కడిగాను. పడుకోబెట్టాను. మాట్లాడలేదు.

ఓబిలేష్ గారు వచ్చి మామ ఎడమచెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుని వెళ్ళారు. నేను నీళ్ళిస్తే తీసుకోలేదు.

4 నవంబరు

గ్రూపులో ఇప్పుడు ఒకటే బూతులు, పార్టీల గొడవలు. విమానాల గురించి మాట్లాడేవాళ్ళు పోయారు. మిరాజ్ మీద పెద్ద వ్యాసం రాసి పెట్టాను. ఒక్కరూ చదవలేదు. ఎవరో కింద పూరీ బొమ్మ పెట్టారు.

6 నవంబరు

ఉమ బడికి పోయింది. అత్త చెనిక్కాయలు వొలిచే కూలీలతో చేలో ఉంది. మామ పైకప్పు చూస్తూ పడుకున్నాడు. పొద్దంతా అలా చూస్తూ ఉంటే మనిషికి ఊసు పోవద్దూ? జాలేసింది.

కుర్చీ లాక్కుని, తుపాకీ ఎక్కడుంటుందో చెప్పాను. కోపంగా కాదు. పిల్లలకు చెప్పినట్టు. ఫోనులో బొమ్మ పెద్దది చేసి చూపించాను.

బాగా విన్నాడు.

8 నవంబరు

రోజూ కొంచెం చెబుతున్నాను. ఆయన చెప్పిన కథలన్నీ వరసగా తీసుకుని ఎక్కడెక్కడ తప్పుందో వివరిస్తున్నాను. పైలట్ భుజం తట్టిన కథ ఈరోజు అయింది. ఎక్కే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకోవడం పైలట్ పని, ‘నువ్వు చూసినాక నేను చూసేది ఏముంది’ అని ఏ పైలటూ అనడు మామా, అన్నాను.

“ఆ... ఆ...” అన్నాడు. ఒప్పుకున్నట్టే.

కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడిచాను. ఈ జబ్బులో కన్నీళ్ళు వాటంతటవే వస్తాయని డాక్టరు ముందే చెప్పాడు.

11 నవంబరు

ఎడమచేత్తో ఫోనును తోసేశాడు. కింద పడి అద్దం పగిలింది. ఆ చేతిలో బలం వస్తోందంటే మంచి గుర్తే. ఫోనును ఇప్పుడు అందనంత ఎత్తులో పట్టుకుంటున్నాను.

అత్త చేలో నుంచి తొందరగా వచ్చి గుమ్మంలో నిలబడి విన్నది. “చాలు నాయనా. పడుకోనీ ఆయన్ని.”

“ఆయనకిష్టమత్తా ఇవి. ఇరవై రెండేళ్ళు ఆ విమానాల మధ్యనే ఉన్నాడు కదా.”

ఆమె ఉమకు చెప్పలేదు. చెబితే ఉమ నన్ను పంపించేస్తుంది. పంపించేస్తే రేపు ఎత్తేదెవరు? ఆ సంగతి ఆమెకు తెలుసు.

14 నవంబరు

ఇన్నేళ్ళలో మేమిద్దరం ఇంత సేపు కలిసి కూర్చున్నది లేదు.

16 నవంబరు

ఉమ స్పెషల్ క్లాసులని బడికి పోయింది. ఈరోజు మరూత్ గురించి మొదలుపెట్టాను. మనవాళ్ళు మొదటిసారి సొంతంగా చేసుకున్న జెట్ యుద్ధవిమానం. చూడ్డానికి అంత అందమైనది ఇంకోటి లేదు. ఇంజన్లు రెండున్నా బలం చాలేది కాదు పాపం.

మామ ఎడమచేత్తో మంచం పట్టె పట్టుకుని, నడుము కింద పక్క నలిగేలా చాలాసేపు పెనుగులాడి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

మంచం బరువేమీ లేదు. ఆయన ముఖం నావైపు ఉండేలా తిప్పి వేశాను.